రెండు రకాల దుమ్ము

మా ఊరు ఏళాయిరంపన్నై. సాత్తూరుకూ కోవిల్పట్టికీ నడుమ ఉంటుంది. ఇంట్లో తెలుగు, వీధిలోనూ బళ్లోనూ తమిళం. తెలుగు రాయడం ఈ కాలేజీకి వచ్చాకే నేర్చుకున్నాను. తప్పులుంటే మేడంగార్లు మన్నించాలి.

మాది కరిసల్ భూమి, అంటే నల్లరేగడి. కోవిల్పట్టి దగ్గర ఇడైసెవల్ ఊరి కి. రాజనారాయణన్ గారు ఈ నేల మనుషుల కథలే రాశారు. ఆయన ఇంట్లోనూ తెలుగే, రాసింది మాత్రం తమిళంలో. ఈ మన్ను వానాకాలంలో కాళ్లకు అంటుకుంటుంది, ఎండాకాలంలో గాలితో ఇంట్లోకొస్తుంది. మా అవ్వకు ఆయాసం. పొరకతో ఊడిస్తే చాలు, దుమ్ము లేచి ఆమె గంటసేపు గోడకానుకొని కూర్చుంటుంది.

పోయిన వేసవి సెలవల్లో అటక మీద ఒక పాత వాక్యూం క్లీనర్ దొరికింది. మద్రాసు పెద్దమ్మ ఇల్లు మారేటప్పుడు మాకిచ్చిందట. మన దేశంలో 1982లో యురేకా ఫోర్బ్స్ మొదలయ్యాక, టై కట్టుకున్న అబ్బాయిలు తలుపు తట్టి, మన పరుపు మీదే మిషను ఆడించి చూపి అమ్మేవాళ్లు. మాది ఏ కంపెనీదో తెలియదు, పేరు చీటీ ఎప్పుడో ఊడిపోయింది. గొట్టం చూసి అవ్వ, "ఏంది పాపా, ఏనుగు తుండం తెచ్చినావు?" అనింది.

స్విచ్ వేస్తే ఉలుకూ పలుకూ లేదు. మా మామ బావి మోటార్లకు వైండింగ్ కట్టే పని చేస్తాడు. ఆయన దగ్గరికి మోసుకుపోయాను. మామ విప్పుతుంటే నేను పక్కన కూర్చొని ఒక్కొక్క స్క్రూ వరసగా పళ్లెంలో పెట్టాను. లోపల ఉన్నది మిక్సీలో ఉండేలాంటి మోటారే. అది ఫ్యాన్‌ను వేగంగా తిప్పి గాలిని బయటికి నెడుతుంది. లోపల గాలి తగ్గేసరికి బయటి గాలి గొట్టంలోంచి దుమ్ముతో సహా దూరుతుంది. సంచి దుమ్మును పట్టుకొని గాలిని వదిలేస్తుంది. కరెంటును తిరిగే భాగానికి అందించే కార్బన్లు రెండూ అరిగి గోరంత అయిపోయినాయి. వేరే మిషను కార్బన్లను మామ రుద్ది సరిపెట్టాడు. రాగి పట్టీల మీది నలుపును నేను సన్నని ఉప్పుకాగితంతో తీశాను. పగిలిన వైరు మార్చాము.

సంచి చినిగిపోయింది. నాయన పాత పంచెతో ఒకటి కుట్టాను. మొదటి రోజు మిషను ముందునుంచి పీల్చిన దుమ్మంతా వెనకనుంచి ఊదింది! అవ్వ దగ్గుతూ వాకిట్లోకి పరుగు. తరవాత మందం గుడ్డ రెండు పొరలు వేసి మళ్లీ కుట్టాను. అప్పుడు నిలిచింది. అమెరికాలో ఒహాయో రాష్ట్రం కాంటన్ ఊళ్లో జేమ్స్ స్పాంగ్లర్ అనే ఊడ్చే పనివాడు, తన ఆయాసానికి తాళలేక ఫ్యాను, పొరక కర్ర, దిండు గలీబు కలిపి ఇలాంటి మిషనే చేసుకున్నాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. అది చదివినప్పుడు నా సంచి మీద నాకు గౌరవం పుట్టింది.

అవ్వ పరుపు, తలుపు తెరలు, నా పుస్తకాల అర, అన్నీ పీల్చాను. ఆ రాత్రి అవ్వ దగ్గకుండా పడుకునింది.

మర్నాడు సాయంత్రం అమ్మ పనినుంచి వచ్చింది. అమ్మ పటాకుల కంపెనీలో పని చేస్తుంది. చీర కుచ్చిళ్లలో, గోళ్ల సందుల్లో వెండిలాగా మెరిసే పొడి ఉంటుంది. అది అల్యూమినియం పొడి. ఎప్పుడూ పెరట్లోనే నీళ్లు పోసుకొని, చీర బక్కెట్లో ముంచి, ఆ తరవాతే లోపలికొస్తుంది. నేను గొప్పగా గొట్టం పట్టుకొని, "అట్లే నిలబడమ్మా, నిమిషంలో పీల్చేస్తా" అన్నాను.

"ఆపవే!" అని మామ అరిచిన అరుపు ఇంకా చెవిలో ఉంది.

తరవాత ఆయన లైటు ఆర్పి, మూత తీసి, మిషను ఒక్క క్షణం ఆడించాడు. కార్బన్లు రాసుకునే చోట నీలంగా చిన్న చిన్న నిప్పులు. "చూసినావా? పీల్చిన గాలి ఈ నిప్పు మీదుగానే పోతాది. ఆ పొడి సంచి దాటి వచ్చిందంటే?" అన్నాడు.

అమ్మ కోప్పడలేదు. "మాకు ఆడ నైలాన్ చీర కూడా కట్టుకోనియ్యరు పాపా, రాసుకుంటే కరెంటు పుడుతుందని. నూలు చీరే కట్టాల. ఇనుప సామాను వాడకూడదు" అని చెప్పింది. ఇన్నేళ్లుగా అమ్మ నూలు చీరలే కట్టేది ఇష్టంతో అనుకున్నాను. నేను ఎప్పుడూ అడగలేదు. నా కాలేజీ ఫీజు ఆ పొడిలోనుంచే వస్తుంది.

ఇప్పుడు మిషను అవ్వ గదిలోనే ఉంటుంది. అమ్మ పని చీర దరిదాపులకు దాన్ని తీసుకుపోము. మీ ఇళ్లలోనూ పాతది ఉంటే ముందు వైరూ కార్బన్లూ తెలిసినవాళ్లకు చూపండి. అగ్గిపెట్టెల మందు, పటాకుల మందు ఉండే చోట మాత్రం అస్సలు వాడకండి.

చిన్నప్పుడు నేను బడినుంచి రాగానే "కాళ్లు కడుక్కున్నావా?" అని అమ్మ అడిగేది. ఇప్పుడు హాస్టల్ నుంచి ప్రతి సాయంత్రం ఫోన్ చేసి, "నీళ్లు పోసుకున్నావా అమ్మా?" అని నేను అడుగుతాను. పోసుకున్నా అని ఆమె చెప్పేదాకా వేరే మాట ఎత్తను.