పక్కకు జరిగిన గడి

షోలాపూరు భద్రావతి పేటలోని మా ఇంట్లో పొద్దున్నే కోడికూత కంటే ముందు వినపడేది మగ్గం చప్పుడు. నలభై ఏళ్లు చద్దర్లు నేసిన మా బాపును మొన్న దీపావళి సెలవుల్లో ఎడారి అంచునున్న జైపూరుకు తీసుకువెళ్లాం.

కోటలన్నీ చూశాక జవహర్ కళా కేంద్రానికి వెళ్లాం. ఎత్తయిన ఎర్రరాతి గోడలు, వాటి మీద గ్రహాల గుర్తులు. దీని రూపశిల్పి చార్లెస్ కొరియా 1930లో సికింద్రాబాదులో పుట్టాడని తెలిసి, మనవాడే అన్నంత సంబరపడ్డాం.

1727లో సవాయి జయసింగు జైపూరును తొమ్మిది చదరాల లెక్కన కట్టించాడు. కొండ అడ్డురావడంతో ఒక చదరాన్ని పక్కకు జరపవలసి వచ్చింది. కొరియా ఆ లెక్కనే తీసుకుని, 1990ల తొలినాళ్లలో పూర్తయిన ఈ కేంద్రాన్ని ముప్పై మీటర్ల చదరాలు తొమ్మిదింటితో కూర్చాడు. ఒక్కొక్కటి ఒక్కో గ్రహానిది. గురుడి చోట గ్రంథాలయం. నడుమ సూర్యుడి చోట గదే లేదు. చుట్టూ మెట్లు, పైన ఆకాశం. ఒక చదరం మాత్రం వరుస తప్పి తిరిగి ఉంటుంది.

నేను కాగితం మీద ఆ నక్షా గీసి చూపించాను. బాపు వేలుపెట్టి, "గీ గడి పక్కకు పోయింది గదా! చద్దరుల గిట్లొస్తే సేటు కూలి కోస్తుండె" అన్నాడు. అందరం నవ్వాం.

"మనం లోపలికొచ్చింది ఆ గడి పక్క నుంచే బాపూ" అన్నాను.

ఆయన మెట్ల మీద చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. మా ముత్తాత తెలంగాణ నుంచి మిల్లు పనికి షోలాపూరు వచ్చాడు. ఇప్పటికీ ఇక్కడ మేం తెలంగీలం, పెళ్లికో చావుకో అక్కడికి పోతే షోలాపూరోళ్లం. ఏ వరుసలోనూ కుదరని గడి మాది.

"అయితే అది తప్పు గాదు బిడ్డా, దర్వాజ" అన్నాడు బాపు చివరికి.

నాకు మా మార్కండేయుడి రథం గుర్తొచ్చింది. శ్రావణ పౌర్ణమికి అది కదిలితే చూడడానికి వచ్చేది తెలుగువాళ్లు మాత్రమే కాదు.

మా అమ్మాయి మరాఠీ బడిలో చదువుతుంది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఇంటికి రాగానే బాపు పలక మీద తొమ్మిది గడులు గీసి, మొదటి దాంట్లో 'అ' రాయించాడు. రోజుకొక గడి. ఇవాళ 'ఊ' దగ్గరున్నారు.