తిరగేసి చూస్తే

1914-18 యుద్ధం నాటి విమానాల చెక్క ప్రొపెల్లర్ల వయసు ఎలా కనుక్కుంటారో చదువుతూ ఒక రాత్రంతా గడిపేశా. ముందు మధ్యలోని హబ్ చూడాలట. ఇంజిన్ హార్స్‌పవర్, వ్యాసం, పిచ్ చాలావాటికి అక్కడే గుద్ది ఉంటాయి. పిచ్ అంటే ఒక చుట్టుకి ఎంత ముందుకెళ్ళాలో ఆ లెక్క. బోల్టు రంధ్రాల అమరిక ఏ ఇంజిన్‌కి బిగించారో చెప్తుంది. పొరలుగా అతికించిన చెక్క వాల్‌నట్టా, మహాగనీనా అన్నదీ ఆధారమే. బెర్లిన్‌లో చేసిన కొన్నిటి మీద కంపెనీ పేరు చూసి నవ్వొచ్చింది: గరుడ!

మా తాతయ్య వడ్రంగి. నా లాప్‌టాప్ ఉండేది ఆయన చేసిన టేకు బల్ల మీదే. తిరగేసి చూశా. పేరు లేదు, సంవత్సరం లేదు. ఆయనా లేరు. నానమ్మకి ఫోన్ చేశా.

“మీ నాన్న పదో తరగతికొచ్చాడని చేశాడ్రా.”

బల్ల కింద పెన్సిల్‌తో తాతయ్య పేరు రాశా, తెలుగులో. ఒత్తు సరిగ్గా పడిందో లేదో, నాన్నకి చూపించాలి.