మంచు పొరలు

సుల్తాన్ బజారులో ఉన్ని బట్టలు బేరమాడువారిలో గుల్‌మార్గునకు పోవువారును గలరు. అచ్చట మంచుపై పరుగెత్తు మోటారు బండ్లనుగూర్చి ముచ్చటించుకొందురే కాని, మంచునుగూర్చి అడుగువారు మాకు కనబడలేదు.

మంచు ఒకే ముద్ద కాదు. కురిసినప్పుడెల్ల ఒక్కొక్క పొర యేర్పడును. అడుగుపొర పంచదారవలె పొడిపొడిగానుండి పైపొర గట్టిపడినచో, బండి బరువునకే ఆ పలక విరిగి జారవచ్చును. 30 మొదలు 45 డిగ్రీల వాలులందే యీ భయము మెండు. లోపలిపొర కూలునపుడు పుట్టు మ్రోత కాలినడక వానికి వినబడును. బండివానిని యంత్రపు రొద విననీయదు. వాలుమీద నొకని బండి దిగబడినచో తోడు పోవుట మన మర్యాద. అచ్చట నది రెండవ బరువు మాత్రమే. ఒక్కొక్కరే దాటవలెను, తక్కినవారు దూరమున నిలిచి చూడవలెను.

2016 ఫిబ్రవరి 3వ తేదీన సియాచిన్‌లో మంచుగోడ విరిగిపడి మద్రాసు రెజిమెంటు జవానులు పదిమందిని కప్పివేసెను. కర్నూలు జిల్లా ముస్తాక్ అహమ్మదు వారిలో నొకరు. ఆరవనాడు హనుమంతప్ప కొప్పద్ సజీవులై బయటపడిరి. 11వ తేదీన మరణించిరి. ఆ నడుమ దినములలో "ఆయువు గట్టిది" అనుమాటయే యెల్లెడల వింటిమి. మాకది సమ్మతము కాదు. పావుగంటలోపల వెలికితీయబడినవారిలో పెక్కుమంది బ్రతుకుదురు. అరగంట దాటిన కొలందిమందియే. అంత త్వరగా త్రవ్వగలవారు ప్రక్కనున్న మిత్రులే. పూడినవాని జాడ తెలుపు సంకేతయంత్రము, గ్రుచ్చి చూచు కడ్డీ, పార తమకడ నున్నవా? అద్దె బేరమాడుటకు ముందు ఈ ప్రశ్న వేయుటకు సిగ్గేల?