బిడ్డ తల ఎటుందో అడగండి

మహబూబాబాద్ దగ్గరి మా తండాలో అక్కకు ఇప్పుడు 33వ వారం. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. కడుపు తోమిస్తే తిరుగుతదని యాడి, ఇగ ఆపరేషనే అని బావ. అక్కకు నిద్ర లేదు.

28 వారాలప్పుడు నూటికి సుమారు ఇరవై మంది పిల్లలు ఇట్లనే ఉంటరు. నెలలు నిండేసరికి ముగ్గురు, నలుగురే మిగులుతరు. మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే తిరుగుతరు. ఇంట్ల గట్టిగ తోమితే మాయ విడిపోయే ప్రమాదముంది. 36 వారాలకూ తిరగకుంటే కొందరికి డాక్టర్లే పైనుంచి చేత్తో తిప్పి చూస్తరు, కాకుంటే ఆపరేషన్.

నా భయం దూరం గురించే. ఉమ్మనీరు పోయినంక బొడ్డుతాడు ముందు జారితే నిమిషాలే లెక్క. జనగామ తండా అయినా, భూపాలపల్లి గూడెమైనా, ఏ దవాఖానకు, ఏ బండిల పోవాలో ఇప్పుడే తేల్చుకోండి.