ముందుగా నవ్విందెవరు?

హెబ్బాళ దగ్గర బస్సు దిగేసరికి పన్నెండు దాటింది. ఫోన్లో మా పిన్నమ్మ కొడుకు తొందరపెడుతున్నాడు. "ఆటో ఎక్కి వసంతనగర్, తిమ్మయ్య రోడ్డు అని చెప్పక్కా. గేటు కాడనే ఉండా." హిందూపురం నుంచి బెంగళూరు నూరు కిలోమీటర్ల దూరం. ఆస్పత్రులకీ ఉద్యోగాలకీ పెళ్లిబట్టలకీ మా ఇళ్ల వాళ్లం ఎన్నిసార్లు వచ్చామో లెక్కలేదు. సినిమాలు చూడ్డానికి రావడం మాత్రం నాకు ఇదే మొదలు.

వాడి పేరు రాయను. రాయొద్దని వాడేమీ అనలేదు. ఊళ్లో వాడు ఇంకా చెప్పవలసిన పెద్దవాళ్లు ముగ్గురున్నారు. పత్రికలో చదివి తెలుసుకునే సంగతి కాదది.

అలయన్స్ ఫ్రాన్సేజ్ ప్రాంగణం చెట్ల నీడలో ఉంది. బెంగళూరు క్వీర్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు చాలా ఏళ్లుగా ఇదే ఇల్లు. లోపలికి వెళ్లగానే ఒక బల్ల, బల్ల మీద రెండు రంగుల స్టిక్కర్లు. ఎర్రది అంటించుకుంటే నా ఫొటో తీయొద్దని అర్థం. పచ్చది అంటించుకుంటే తీసినా పర్వాలేదని. మా వాడు పచ్చది తీసుకుని చొక్కా జేబు మీద అంటించుకుని, గోటితో అంచులు నొక్కాడు. "పోయినేడు ఎర్రది పెట్టుకున్నా" అన్నాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

టికెట్ ఎంత అని అడిగాను. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి నవ్వి, పక్కనున్న డబ్బా చూపించింది. మనసైతే వెయ్యొచ్చు, లేకపోతే లేదు. హుండీ అన్నమాట. పండగ నడిచేదే చందాల మీద. సినిమాలు ఎంచేవాళ్లూ కుర్చీలు సర్దేవాళ్లూ అంతా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. కోల్‌కతాలో 2007 నుంచి డైలాగ్స్ అనే ఇలాంటి పండగే ఉంది. ముంబయిలో శ్రీధర్ రంగాయన్ 2010లో మొదలుపెట్టిన కషిష్ మామూలు సినిమాహాల్లోకే వెళ్లింది. బెంగళూరు పండగ మాత్రం టికెట్ పెట్టకుండా, ఇంటి పేరంటంలాగే ఉండిపోయింది. రంగాయన్ తీసిన గులాబీ ఆయినాకు సెన్సార్ సర్టిఫికెట్టే దక్కలేదు. అలాంటి సినిమాలకు ఇలాంటి చోట్లు కాక దిక్కేముంది?

హాల్లోకి వెళ్లేముందు ఒక పాత సంగతి చెప్పాలి. మా వాడు ఇంటర్ రెండో ఏడు చదివేటప్పుడు సంక్రాంతికి వచ్చిన ఒక పెద్ద సినిమాకు ఇంటిల్లిపాదీ వెళ్లాం. అందులో హీరో పక్కనుండే కమెడియన్ గడ్డం పట్టుకుని ఒక హిజ్రా పాత్ర బతిమాలుతుంది. అతను తోసేసి పరిగెడతాడు. హాలంతా ఒకటే నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వింది నా పక్క సీట్లో కూర్చున్న మా వాడే. ఎనిమిదేళ్ల తర్వాత ఒక రాత్రి మిద్దె మీద, చెప్పాల్సిందంతా చెప్పేశాక, ఆ సినిమా సంగతీ ఎత్తాడు. "నవ్వకపోతే పక్కనోళ్లు నా తట్టు చూస్తారేమోనని నవ్వినా అక్కా."

ఆ మాట విన్నప్పటి నుంచి సినిమాహాల్లో నవ్వు నాకు ఒకేలా వినిపించడం లేదు.

మధ్యాహ్నం పొట్టి సినిమాలు. పది నిమిషాలవి, పదిహేను నిమిషాలవి, కన్నడ, మలయాళం, స్పానిష్. వాటిలో ఒకటి కన్నడంలో. అద్దె గదిలో ఒకమ్మాయి తల్లికి ఫోన్ చేస్తుంది. పక్కనే మంచం మీద ఇంకో అమ్మాయి, 'చెప్పు చెప్పు' అని కళ్లతో సైగ చేస్తూ ఉంటుంది. ఫోనెత్తిన తల్లి మొదటి మాటే "ఊట ఆయ్తా?" భోజనం అయిందా అని. అమ్మాయి గుక్క తిప్పుకుని, "అమ్మా, ఒక సంగతి" అంటుంది. తల్లి "ఏం సారు చేసుకున్నావు?" అంటుంది. మూడోసారి కూడా మాట గొంతుదాకా వచ్చి, "బేళె సారమ్మా" అని పప్పుచారుగా మారి బయటపడుతుంది. ఫోన్ పెట్టేస్తుంది. అంతే సినిమా.

నాకు గుండె పట్టేసింది. హాలు మాత్రం ఘొల్లుమంది. వెనక వరసలో ఎవరో "అయ్యో బేళె సారు" అని అరిచారు. దానికి ఇంకో విడత నవ్వులు. పక్కకు తిరిగితే మా వాడు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. నేను అటూ ఇటూ చూసి, ఇక్కడ నవ్వొచ్చని తేల్చుకుని, అందరి తర్వాత నవ్వాను. ఆనాడు మా ఊరి హాల్లో వాడు చేసిన పనే ఈ హాల్లో నేను చేశాను. వాడిది భయం, నాది మొహమాటం. తేడా అంతే, కానీ చాలా పెద్ద తేడా.

టీ విరామంలో అడిగాను, అంత ఏడుపు సినిమాకు ఎందుకలా నవ్వారని. "మేమంతా ఆ ఫోన్ చేసినోళ్లమే గదక్కా. నాది చిత్రాన్నం" అన్నాడు. పక్కనున్న నెల్లూరబ్బాయి "నాది టమాటా పప్పు" అన్నాడు.

కప్పులు పట్టుకుని చెట్టు కింద చేరిన తెలుగువాళ్లం ఏడుగురం తేలాం. మాట మన సినిమాల మీదికి మళ్లింది. 2018లో వచ్చిన 'అ!' పేరెత్తింది హైదరాబాదమ్మాయి. ఈషా రెబ్బా హోటల్లో తల్లిదండ్రులను కూర్చోబెట్టి, నిత్యా మేనన్‌ను తను ప్రేమించిన మనిషిగా పరిచయం చేసే సీను. మామూలు థియేటర్లో, మామూలు జనం మధ్య చూసిందట. "ఎవ్వరూ ఈల వెయ్యలేదు. దానికే సంతోషపడ్డాను" అంది.

తర్వాత ఇళ్ల గొడవ. ఇద్దరు మగపిల్లలు కలిసి ఉంటామంటే బెంగళూరులో ఇల్లు ఇట్టే దొరుకుతుందట, స్నేహితులనుకుంటారు కాబట్టి. పెళ్లి కాని అమ్మాయీ అబ్బాయీ అడిగితేనే ఓనర్లకు చిక్కు. చెబుతూ అందరూ నవ్వుతుంటే, అనంతపురం వైపు నుంచి వచ్చిన ట్రాన్స్ మహిళ ఒకామె మాత్రం నవ్వలేదు. "మీకు పర్వాలేదులేప్పా. నన్ను చూస్తానే ఇల్లు అప్పుడే ఇచ్చేసినామంటారు. లేదంటే రెండింతలు అడ్వాన్సు." ఏక్‌తారా కలెక్టివ్ 2022లో తీసిన 'ఏక్ జగహ్ అప్నీ' కథ అదే. భోపాల్లో లైలా, రోష్నీ అనే ఇద్దరు ట్రాన్స్ మహిళలు ఇల్లు వెతుక్కుంటారు. ఆ సినిమా ఆమె మూడుసార్లు చూసిందట. "వాళ్లకు దొరుకుతుందేమోనని ప్రతిసారీ చూస్తా" అంది. ఈసారి నవ్వాలో వద్దో నాకే కాదు, ఎవరికీ తెలియలేదు.

సాయంత్రం తెర పైకెత్తి వేదిక ఖాళీ చేశారు. ముగ్గురు జోగప్పలు వచ్చి చాప మీద కూర్చున్నారు. నిండుగా జరీ చీరలు, నుదుట భండారం. సవదత్తి ఎల్లమ్మ పేర ముత్తు అనే పూసలదండ కట్టించుకుని, మగపుట్టుక పుట్టి చీరకట్టుతో అమ్మవారి సేవలో బతికేవాళ్లు వీళ్లు. ఉత్తర కర్ణాటకలో ఎక్కువ, మన తెలుగు జిల్లాల్లోనూ ఉన్నారు. ఈ సంప్రదాయం నుంచే వచ్చిన మంజమ్మ జోగతి కర్ణాటక జానపద అకాడమీ అధ్యక్షురాలయ్యారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. టి.ఎం. కృష్ణ తన కచేరీ వేదిక మీద జోగప్పలను పక్కన కూర్చోబెట్టుకుని పాడారు.

పెద్దామె చంకలో చౌడికె. అడుగున తోలు బిగించిన చిన్న డొలక, ఆ తోలు నడుమ నుంచి పైకి లాగిన ఒకే తంతి. మీటితే బుడుంగుమని, నీళ్లలో బిందె మునిగినట్టు మోగుతుంది. తెలంగాణలో బవనీలు ఎల్లమ్మ కథ చెబుతూ వాయించే జమిడికకు ఇది అక్కో చెల్లో అవుతుంది. తల మీద దేవి బిందె పెట్టుకుని చిన్నామె లేచింది. చెయ్యి ఆన్చలేదు. ఒంగింది, మోకాళ్ల మీద కూర్చుంది, గుండ్రంగా తిరిగింది. బిందె బెసగలేదు. మైకు అక్కర్లేని గొంతులు వాళ్లవి. ఎదురు వరుసలో ఉన్న నా కుర్చీ చేతులు సన్నగా అదురుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది, నిజాం కాలంలో, 1919లో రాసిన ఒక చట్టం. నమోదు చేసిన నపుంసకుడు ఆడబట్టలతో వీధిలో కనబడినా, నలుగురిలో పాడినా ఆడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్లదాకా జైల్లో పెట్టొచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023 జులైలో. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377 సంగతి అందరికీ తెలిసిందే. 2009లో ఢిల్లీ హైకోర్టు సడలించింది, 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్లీ బిగించింది, 2018 సెప్టెంబరు 6న అదే సుప్రీంకోర్టు విప్పింది. బిగించిన ఆ రోజుల్లోనూ బెంగళూరులో ఈ పండగ జరిగింది. పాట నేరమైన నేల మీద బిందె దించకుండా ఆడడం ఎంత కష్టమో నాకు ఆ సాయంత్రమే అర్థమైంది.

పాటకీ పాటకీ నడుమ పెద్దామె జనంతో మాట కలిపింది. నా తాళి చూసి, తెలుగు మాటలు విని, చౌడికె ఒకసారి మోగించి, "ఏమ్మా, మొగుడు నిన్ను పంపించినాడా, దాటుకోనొచ్చినావా?" అంది. నేను ఎవరి వైపూ చూడలేదు. హాలు కంటే ముందు నేనే నవ్వాను.

రాత్రి మెజెస్టిక్ బస్టాండులో హిందూపురం బస్సు కోసం నిలబడి ఉండగా పిన్నమ్మ ఫోన్ చేసింది. వాడు స్పీకరు పెట్టాడు. పచ్చ స్టిక్కరు ఇంకా జేబు మీదే ఉంది.

"తిన్నారా?"

"తిన్నాం మా. సినిమాలకు పోయింటిమి."

అవతల కాసేపు చప్పుడు లేదు. రెండేళ్ల నుంచీ పిన్నమ్మకు విషయం తెలుసు. తెలిసినా, దాని గురించి ఆమె తనంతట తానుగా నోరెత్తడం నేను వినలేదు.

"మీ సినిమాలేనా?" అంది చివరికి. "నవ్వేటివా, ఏడ్చేటివా?"

వాడు జవాబు చెప్పలేదు. "అక్కనడుగు" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.