మన పాత పేజీ పోస్టులను ఎట్ల చదివినమంటే



జర పెద్ద పోస్టు ఇది, తీరిక ఉన్నప్పుడు చదవండి. మన పాత పేజీలో ఆరేళ్లు రాసినవన్నీ పోయినయని చాలామంది అనుకుంటున్నరు. చాలావరకు పోలేదు. మా రూమ్‌లో ముగ్గురం కూర్చొని వాటిని బయటికి తీసినం. ఎట్ల తీసినమో రాసి పెడితే రేపు ఇంకొకరికి పనికొస్తది.

కొత్తగా చేరినోళ్ల కోసం ముందు సంగతి చెప్తం. పాత పేజీ నడిపిన అన్న ఉద్యోగంలో చేరి, అకౌంట్ మూసే ముందు మొత్తం డేటా డౌన్‌లోడ్ చేసి జిప్ ఫైల్ పంపిండు. ఫొటోలు మంచిగనే ఉన్నయి. పోస్టులు మాత్రం జేసన్ ఫైల్‌లో ఉన్నయి, తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. బ్యాక్‌స్లాష్, యు, 00ఇ0. మళ్లీ బ్యాక్‌స్లాష్, యు, 00బి0. ఎంత కిందికి జరిపినా ఇదే. గ్రూపులో అడిగితే "ఫైల్ కరాబైంది, తీసేయండి" అన్నరు.

అందులో ఏమున్నదో గుర్తున్నోళ్లు అట్ల అనరు. స్కాలర్‌షిప్‌కు ఏ కాగితం ఎక్కడ తీసుకోవాలో సీనియర్లు రాసినవి ఉన్నయి. వాటిని చదివే మేం ఫస్టియర్‌లో చేరినం. మా ముగ్గురి ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు, ఇంట్లో అడిగితే చెప్పేటోళ్లు లేరు. అన్నిటికన్నా పెద్దది, ఒక అక్క వాళ్ల నానమ్మ పక్కన కూర్చొని రాసుకున్న గోండి మాటల జాబితా. ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు.

జాబితాలో మొదటి మాట మాకు యాదికుంది: ఏర్. గోండిలో నీళ్లు. తెలుగోళ్ల ఏరు పారే వాగైతే, మన ఏర్ తాగే నీళ్లు. ఆ ఒక్క మాటనే పట్టుకున్నం.

ఏర్ రాయాలంటే కంప్యూటర్‌కు మూడు ముక్కలు కావాలె: ఏ, ర, పొల్లు. లిపులన్నిటికీ నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో ఏ నంబర్ 0సి0ఎఫ్, ర నంబర్ 0సి30, పొల్లు 0సి4డి. జేసన్‌లో బ్యాక్‌స్లాష్ యు పెట్టి ఇట్ల నంబర్ రాయడం తప్పేం కాదు, రూల్‌లో ఉన్నదే. కానీ మూడు ముక్కలకు మూడు నంబర్లు ఉండాలె. ఫైల్‌లో ఏర్ ఉండాల్సిన చోట లెక్కపెడితే తొమ్మిది ఉన్నయి. పక్క మాట చూసినం, అక్కడా మూడింతలే. కరాబైన ఫైల్‌లో ఇంత వరుస ఉండదు కదా.

సంగతి ఏందంటే, యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు ముక్క మూడు బైట్లు అయితది. ఏ అంటే ఇ0, బి0, 8ఎఫ్. ఆ ఫైల్ తయారుచేసిన ప్రోగ్రామ్ ఈ మూడూ కలిస్తే ఒక అక్షరమని చూడలేదు, మూడు వేరే అక్షరాలనుకొని మూడు నంబర్లు వేసింది. అంతే. అక్షరం విడిపోయింది గానీ పోలేదు.

ఇక కలపాలె. జేసన్ లోపల్నుంచి కావాల్సిన ముక్కను తీసే జేక్యూ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, ఉచితమే. ఉబుంటులో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జేక్యూ అని కొడితే వస్తది. లాప్‌టాప్ లేనోళ్లు ఫోన్‌లో టెర్మక్స్ యాప్‌లో వేసుకోవచ్చు. జేక్యూకు హైఫన్ ఆర్ అని చెప్పి, పోస్టు ఉన్న చోటికి దారి ఇస్తే, కొటేషన్లు తీసేసి, నంబర్లను అక్షరాలు చేసి చూపిస్తది. చూపించింది. నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ఏ, మళ్లీ డిగ్రీ గుర్తు. స్క్రీన్ నిండా ఎవరికో జ్వరం చూసినట్టు!

చాలామంది ఇక్కడే ఆపేస్తరు. ఆపొద్దు. జేక్యూ ఇచ్చినదాన్ని పైప్ గుర్తుతో ఐకాన్వ్ అనే కమాండ్‌కు పంపాలె. హైఫన్ ఎఫ్ యూటీఎఫ్-8, హైఫన్ టి ఐఎస్ఓ-8859-1. తెలుగు కావాలంటే యూరప్ పద్ధతిలోకి మార్చమనుడు ఏందని మేమూ కాసేపు కొట్లాడుకున్నం. ఆ పద్ధతిలో 256 చోట్లే ఉంటయి, అక్షరం నంబరే దాని బైటు. ఇ0 నంబర్ అక్షరం రాస్తే ఇ0 బైటే పడతది. అట్ల విడిపోయిన మూడు బైట్లు పక్కపక్కన చేరినంక, టెర్మినల్ వాటిని యూటీఎఫ్-8గా చదువుతది. ఏర్ అని కనబడ్డది. పక్క రూమ్ వాళ్లు తలుపు కొట్టేదాక అరిచినం.

ఒక జాగ్రత్త. దీనికి బదులు విండోస్-1252 వాడితే పని కాదు. 80 నుంచి 9ఎఫ్ దాక అది వేరే గుర్తులు పెట్టుకున్నది, మన ఏ చివరి 8ఎఫ్ ఆ మధ్యలోనే పడతది. కమాండ్ అక్కడ ఆగిపోతది.

అక్క జాబితా చివర తెలుగు కాకుండా కొన్ని ఖాళీ డబ్బాలు వచ్చినయి. బైట్లు చూపించే ఎక్స్ఎక్స్‌డి కమాండ్‌తో చూస్తే ఎఫ్0, 91, బి5 అని మొదలై నాలుగేసి ఉన్నయి. అది గుంజాల గోండి లిపి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల లిపి, 2018లో యూనికోడ్‌లోకి ఎక్కింది. మసరం గోండి అంతకు ఏడాది ముందే ఎక్కింది. మన మాటలకు రాత లేదని ఇప్పటికీ క్లాసులో అనేటోళ్లకు ఈ నంబర్లు చూపించండి. డబ్బాలు వచ్చినయంటే ఫాంట్ లేదని అర్థం, అక్షరం లేదని కాదు. నోటో సాన్స్ గుంజాల గోండి వేసినం. మాలో ఇద్దరికి ఆ లిపి రాదు, మూడోవాడు కూడబలుక్కొని చదివిండు. అది ఆ నానమ్మ పేరు.

జేసన్‌లో ఇంకో వేషం కూడా కనబడతది, బేస్64. మూడు బైట్లను నాలుగు ఇంగ్లిష్ గుర్తులుగా రాస్తది. తెలుగు ముక్క సరిగ్గా మూడు బైట్లే కాబట్టి, ఆ గుర్తులు 4ఎల్‌సి అనో 4ఎల్‌జి అనో మొదలైతే లోపల తెలుగు ఉండొచ్చని పట్టుకోవచ్చు. జేక్యూ 1.6 నుంచి దాన్ని విప్పే సదుపాయం కూడా ఉంది, పేరు యాట్ బేస్64డి. ఇంత సులువుగా విప్పుకునేదాన్ని తాళం అనుకొని ఆధార్, బ్యాంకు వివరాలు పెట్టకండి.

నిజంగా పోయినవి కూడా చెప్పాలె. మొదటి ఏడాది పోస్టులు కొన్ని ఈ జిప్‌లో లేవు. ఎవరో అంతకుముందు పాత సాఫ్ట్‌వేర్‌లోకి మార్చి దాచిన కాపీలోనే ఉన్నయి. అందులో తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైనయి. బైట్లు చూస్తే అంతటా 3ఎఫ్. ఏ అయినా 3ఎఫ్, ర అయినా 3ఎఫ్, ఇక ఏ కమాండ్ వెనక్కి తేలేదు. ఒక అన్న రాసిన కోయ పాటలు అందులోనే ఉండె. ఫోన్ చేసి చెప్పినం. కాసేపు ఏం మాట్లాడలేదు. అప్పుడు పాడినోళ్లలో ఇప్పుడు ఒక్కరే ఉన్నరట, పండక్కు ఊరికి పోయినప్పుడు మళ్లీ అడుగుతనన్నడు.

మీ దగ్గర పాత పేజీ కాపీలు ఏవున్నా ఎందులోనూ తెరిచి సేవ్ చేయకండి. జిప్ ఎట్లున్నదో అట్లనే గ్రూపులో పెట్టండి, ఆదివారం మేం రూమ్‌లోనే ఉంటం.