పెన్నేటి వెంట మా పయనం

మన హాస్టల్లో ఎవరినీ సొంత పేరుతో పిలిచే అలవాటు లేదు. కోసిగోడు, అవుకోడు, మైలవరపోడు అని ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్ళం. పదో తరగతి అయ్యేసరికి కర్నూలు, కడప జిల్లాల ఊళ్ళ పేర్లన్నీ మాకు నోటికొచ్చాయి గానీ ఆ ఊళ్ళు ఎట్లుంటాయో చూసింది తక్కువ. మా ఇళ్ళల్లో ఊరు దాటడమంటే వలస పోవడమే. కోసిగి, పెద్దకడుబూరు వైపు నుంచి వచ్చిన మాలో కొందరి అమ్మానాన్నలు ఏటా మిరప కోతలకు గుంటూరు జిల్లాకు పోయేవాళ్ళు. కోస్తాలో ఎన్ని ఊళ్ళు తిరిగినా వాళ్ళు చూసింది మాత్రం మిరప చేను, దాని గట్టున వేసుకున్న గుడారం. అందుకే ఉద్యోగాల్లో కుదురుకున్నాక మేం నలుగురం ఒక మాట అనుకున్నాం. కూలికి కాకుండా, ఉత్తగా చూడ్డానికే ఊళ్ళు తిరగాలి. పెన్నేటి వెంట సముద్రం దాకా పోవాలి.

2023 సంక్రాంతి సెలవుల్లో బయలుదేరాం. 2016లో పూర్తయిన నంద్యాల–ఎర్రగుంట్ల రైలు దారిలో బనగానపల్లె, కోవెలకుంట్ల, సంజామల దాటి జమ్మలమడుగులో దిగాం. దారి పొడవునా నల్లరేగడి, శనగ చేలు. ఆ వైపు ఊళ్ళల్లో గోడలకూ నాపరాయే, కప్పుకూ నాపరాయే. హాస్టల్లో ఎండాకాలం వీపుకు చల్లగా తగిలిన బండలు ఈ నేల నుంచి వచ్చినవే కదా అనుకున్నాం.

గండికోటలో పెన్నేరు ఎర్రమల కొండను నిలువునా కోసుకుని పోతుంది. కోటలో మాధవరాయ ఆలయం, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం ఉన్నాయి. అందరూ లోయ దగ్గర ఫోటోలు దిగుతుంటే మేం ధాన్యాగారం ముందర చాలాసేపు కూర్చున్నాం. ఇన్ని గింజలు పండించింది ఎవరు, ఇంత రాయి మోసింది ఎవరు అని మాట్లాడుకున్నాం. మన తాతల తాతలు ఏ పక్కన నిలబడి ఉంటారో ఒకరికొకరు చెప్పుకోనక్కర లేకపోయింది.

మాలో ఒకడి మేనత్తది కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరు. 2020లో గండికోట జలాశయం నింపినప్పుడు ఆ ఊరు మునిగింది. పునరావాస కాలనీలో ఆమె మాకు సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది. "నీళ్ళు రావల్లని ఎన్నేండ్లో ఎదురు సూసినాం నాయనా. నీళ్ళొచ్చినాయి, ఊరు పాయ" అనింది. ఆ నీళ్ళు శ్రీశైలం నుంచి కాలువల్లో వచ్చే కృష్ణ నీళ్ళు. ఆ శ్రీశైలం కిందనే 1981లో కర్నూలు జిల్లా ఊళ్ళెన్నో ఖాళీ అయ్యాయి. మునిగిన ఒక ఊరి నీళ్ళు ఇంకో ఊరిని ముంచి మూడో ఊరి చేనుకు పోతున్నాయి. పాఠాల్లో ప్రాజెక్టుల పేర్లు బట్టీ పట్టిన మాకు ఈ లెక్క ఆ కాలనీలో తెలిసింది.

కడప నుంచి ఒంటిమిట్ట, నందలూరు చూసుకుంటూ పోయాం. నందలూరు దగ్గర పారే చెయ్యేరు తర్వాత పెన్నలోనే కలుస్తుంది. 2021 నవంబరు 19న దాని మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి మందపల్లి, పులపుత్తూరు, తొగురుపేట కొట్టుకుపోయాయి. ఏడాది దాటినా అక్కడ పొలాల్లో ఇసుక మేటలు అట్లే ఉన్నాయి. మన వైపు నీళ్ళు లేక చేను ఎండుతుంది, నీళ్ళొస్తే ఊరే పోతుంది.

దారిలో ఒక ఊళ్ళో రచ్చబండ మీదున్న పెద్దమనిషి ఒకాయన "ఎవరి పిల్లోల్లప్పా మీరు?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు అర్థం మీకు చెప్పనక్కర లేదు. ఊరి పేరు చెప్పాం, ఆయనకు చాలలేదు. "హాస్టలు పిల్లోల్లం పెద్దాయనా" అని మళ్ళీ చెప్పాం. ఆయన మౌనంగా ఉండిపోయాడు. తాగడానికి నీళ్ళడిగితే చెంబు చేతికివ్వలేదు, పైనుంచి దోసిట్లో పోశారు. మేం తాగకుండా వచ్చేశాం.

మళ్ళీ కడపకొచ్చి బద్వేలు మీదుగా నెల్లూరు జిల్లాలో అడుగుపెట్టాం. సోమశిల ప్రాజెక్టులో 78 టీఎంసీలు పడతాయి. దాని వెనక నీళ్ళల్లో ఒంటిమిట్ట, నందలూరు వైపు ఊళ్ళెన్నో మునిగిపోయాయి. అక్కడి నుంచి నెల్లూరు దాకా కంటికి ఆనినంత మేర వరి నాట్లు. ఇది మన పెన్నేరేనా అనిపించింది. అసూయ కాదు గానీ, గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది.

మైపాడులో సముద్రం చూశాం. మాలో ముగ్గురికి అదే మొదటిసారి. పెన్న కలిసే ఊటుకూరు అక్కడికి ఉత్తరాన ఉంది. వల బాగు చేసుకుంటున్న ముసలాయన "యాడనుంచొచ్చారబ్బాయా?" అని అడిగాడు. కడప, కర్నూలు అన్నాం. "మీకాడ గట్టిగా వానలు పడితే మాకు సముద్రం ఎర్రగా అయిపోద్ది" అన్నాడు. తను తాగుతున్న సీసానే మా చేతికిచ్చాడు. ఎవరి పిల్లలని అడగలేదు.

తమ్ముళ్ళారా, ఈసారి సెలవులకు ఒకరి ఊరికి ఒకరు పోండి. బస్సు చార్జీ, ఒక నోటుబుక్కు ఉంటే చాలు. చెరువు ఎవరు తవ్వారో, నీళ్ళు ఎవరి చేనుకు పోతున్నాయో, ఏ ఊరు ఎందుకు లేచిపోయిందో అడిగి రాసుకోండి. మన పెద్దలు పని కోసమే ఊళ్ళు తిరిగారు, అడిగే వీలు వాళ్ళకు లేకపోయింది. మనకు చదువుంది, అడగగలం. వచ్చే ఏడాది ఈ సంచికలో మీ ఊరి గురించి చదవాలని మేమంతా ఎదురు చూస్తుంటాం.